రాజప్పను తనిఖీ చేయడానికి కుప్పం పోయిన కథ

ఆ రోజుల్లో మదనపల్లె చుట్టుపక్కల నా అంత నిబంధనల మనిషి ఇంకొకరు లేరని నాకు గట్టి నమ్మకం. ఇరవై నాలుగేళ్ల వయసు. ప్రైవేటు బడిలో టీచరు ఉద్యోగం వదిలేసి, పుంగనూరు రోడ్డులో మూతపడిన కోళ్లఫారంలో కుక్కలకు ఆశ్రయం నడిపే పెద్ద మేడం దగ్గర చేరాను. (పెద్ద మేడం రిటైరైన లెక్కల టీచరు. ఆవిడ గొంతు సవరించుకుంటే కుక్కలు కూడా బుద్ధిగా కూర్చునేవి.) దెబ్బలు తిన్నవీ, దిక్కులేక వదిలేసినవీ అక్కడికి చేరేవి. అంతా దాతల దయే. ఒకరు నూకలు, ఒకరు పాత దుప్పట్లు ఇచ్చేవారు. బిర్యానీ భాయ్ మాంసం ముక్కలు తెచ్చి, "మసాలా కడిగేసినా మేడం, పాపం వాటికి కారం పడదు గదా" అని మరీ ఇచ్చి పోయేవాడు.

రాజప్ప అని మేం పేరు పెట్టుకున్న కుక్క మాకు సోమల ఊరి దగ్గర ఒక పాడుబడిన బోరు షెడ్డులో దొరికాడు. ఇనుపతీగతో కట్టేసి ఎవరో వదిలేసి పోయారు. తీగ మెడ చర్మంలోకి దిగిపోయింది. పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. మనిషి ముఖం కనబడితే చాలు, వాడు అన్నం ముట్టేవాడు కాదు. అందుకని రోజూ మధ్యాహ్నం గిన్నె పెట్టి, వాడికి వీపు తిప్పి గోడకేసి కూర్చునేదాన్ని. ఊరికే కూర్చోలేక గోడకు కథలు చెప్పేదాన్ని. (మా సున్నం గోడకు తెలియని రాజకుమారి కథ లేదు.) అట్లా ఒకరోజు రాక్షసుడి కోట దాకా వచ్చేసరికి, వీపుకు వెచ్చగా ఏదో ఆనింది. కథ ఆపలేదు. ఆపితే వాడు లేచిపోతాడని భయం. కళ్లు మాత్రం నా మాట వినలేదు.

అట్లాంటి రాజప్పను కుప్పంలో బట్టలు కుట్టే ఒక అక్క పెంచుకుంటానంది. ఒంటరి మనిషి, నెమ్మదస్తురాలు. కాదనడానికి కారణం దొరకలేదు. నేనే తయారుచేసిన నిబంధనల కాగితం మీద ఆమె సంతకం పెట్టింది. నెల తర్వాత ఒకసారి తనిఖీకి వస్తామన్నది మూడో నిబంధన.

నేను నాలుగో రోజే వెళ్లాను. పుంగనూరులో బస్సు మారి, మందు ఇవ్వడం మరిచిపోయానని చెప్పి. తర్వాతి వారం రవికె గుడ్డ పట్టుకుని వెళ్లాను. మదనపల్లెలో దర్జీలే కరువైనట్టు నెలన్నరలో నాలుగు రవికెలు కుట్టించుకున్నాను. (అప్పటికి నేను కట్టేది చుడీదార్లే.) నాలుగో రవికె చూసి పెద్ద మేడం అంది, "నువ్వు కుక్కను పెంపకానికి ఇయ్యలేదమ్మా. సెలవలకు పంపించినావు."

ఆ తర్వాత మళ్లీ వెళ్లినప్పుడు రాజప్ప అరుగు మీద పడుకుని ఉన్నాడు. మెడకు ఎర్రగా తాడు. నా కళ్లకు తాడే కనిపించింది. మెడకు ఏమీ కట్టరాదన్నది మొదటి నిబంధన. లోపలి నుంచి మిషను చప్పుడు వినిపిస్తోంది. నేను పిలవలేదు. వాణ్ణి చున్నీతో పట్టుకుని బస్టాండు వైపు నడిచాను. బస్సులో కుక్కను ఎక్కించనివ్వరన్న సంగతి నాకు తట్టనే లేదు.

పది గజాలు వచ్చి రాజప్ప నడివీధిలో కూర్చున్నాడు. లాగాను. రాయిలా ఉన్నాడు. జనం చేరారు.

"యాల లాగుతాండావు పాపా? ఆ కుక్క మిషనక్కది గదా," అన్నాడొక పెద్దాయన.

నేను వీధిలో నిలబడి మొదటి నిబంధన గట్టిగా చదివి వినిపించాను. అంతలో మిషనక్క వచ్చింది. నన్ను చూసింది, చున్నీని చూసింది. కోపపడలేదు. వంగి రాజప్ప మెడ మీది ఎర్రదాన్ని విప్పి నా చేతిలో పెట్టింది.

"తాడు కాదమ్మా. నీ రవికెల్లో మిగిలిన పేలికలే. లోపల దూది పెట్టి కుట్టినా. మచ్చ కాడ ఈగలు వాల్తాండాయని." చున్నీ కూడా విప్పుతూ అంది, "వాణ్ణి సూడాలంటే ఊరికే రా. గుడ్డలెందుకు?"

ఆమె ఇంటివైపు తిరిగింది. రాజప్ప లేచాడు. నా చెయ్యి నాకాడు, తోక ఊపాడు, ఆమె వెనకే వెళ్లిపోయాడు. గడప దగ్గర ఒక్కసారి వెనక్కి చూశాడు. వస్తావా అన్నట్టుందా, పోయిరా అన్నట్టుందా, నాకిప్పటికీ తెలియదు.

ఇప్పుడు పెద్ద మేడం లేదు. కోళ్లఫారం నేనే చూసుకుంటున్నాను. కుక్కలు వస్తాయి, కోలుకుంటాయి, ఎవరింటికో వెళతాయి. సాగనంపడం నాకు బాగా అలవాటైంది, ఇప్పుడు బస్సెక్కి వాటి వెనక పరుగెత్తను. అదే కొంచెం బెంగ. కుప్పం నడివీధిలో, తనకంటే మొండి కుక్కను చున్నీతో లాగుతూ, ఊరందరికీ నిబంధన చదివి వినిపించిన ఆ పిల్ల అప్పుడప్పుడు గుర్తొస్తుంది. అంత సిగ్గు లేకుండా ఒక ప్రాణాన్ని కావాలనుకున్నది నేనేనా అని, ఒక్కదాన్నే నవ్వుకుంటాను.