ఆగినప్పుడు మీరేం చేస్తున్నారు?

నాకు నోరెక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. మా రంగనాథం బావకు అసలు నోరే లేదు. వ్యాసర్పాడి రైల్వే యార్డులో ఇరవై రెండేళ్ళుగా సుత్తితో వ్యాగన్ చక్రాల మీద కొట్టి, మోతను బట్టి పగులు పట్టడం ఆయన పని. పగులు దొరికితే టైము, వ్యాగన్ నంబరు, ఏం విన్నాడో చిన్న పుస్తకంలో రాస్తాడు. మాట్లాడే అవసరమే ఉండదు.

1999 ఏప్రిల్‌లో ఆయన భార్య, అంటే మా అక్క మంగ, నీళ్ళ లారీ దగ్గర వరసలో నిలబడ్డది నిలబడ్డట్టే పడిపోయింది. గుండె ఆగిందన్నారు. ఆ పొద్దున ఇంట్లో ఏం జరిగిందని బావను పదిసార్లు అడిగాను. “లారీ వచ్చింది, పోయింది” అనేవాడు. ఏడ్చింది లేదు. పెడితే తినేవాడు, కూర్చోమంటే కూర్చునేవాడు. రాతి మనిషి అని నాకు ఒళ్ళు మండిపోయేది. అక్క చివరిగా ఏమన్నదో తెలియకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు.

సౌకార్‌పేటలో నాకు నాలుగు కంప్యూటర్ల బ్రౌజింగ్ సెంటర్ ఉంది. డ్యూటీ దిగాక ఇంట్లో ఒక్కడే గోడ చూస్తూ కూర్చుంటున్నాడని బావను అక్కడికి రమ్మన్నాను. ఏదో పత్రికతో వచ్చిన సీడీలో కొత్త బ్రౌజర్ ఒకటి ఉంది. ఉచితం. దాని లోపలి ప్రోగ్రామును ఎవరైనా చూడొచ్చట, బాగు చేయొచ్చట. ఇంకా సగం ఉడికిన వంట, మాటిమాటికీ ఆగిపోయేది. కస్టమర్లకిస్తే నన్ను తిడతారు. అందుకని మూల మిషన్‌లో వేసి బావను దాని ముందు కూర్చోబెట్టాను.

“ఊరికే నొక్కతా ఉండు బావా. ఆగిపోతే తెర మీద ఒక పెట్టె వస్తాది, ఏం చేస్తా ఉంటే ఆగిందని అడగతాది. రాసి పంపితే ఆడ ఎవరో చూసి సరిచేస్తారంట.”

“సరిచేస్తారా?”

“చేస్తారనే అంటా ఉండారు. నాకేం తెలుసు!”

అక్క పోయాక ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న అదే.

ఇక రోజూ వచ్చేవాడు. ఆగినప్పుడల్లా ఆ పెట్టెలో తన రైల్వే ఇంగ్లీషులో రాసేవాడు. 14.40. రైళ్ళ టైముల పేజీ. రెండుసార్లు కిందికి జరిపాను. ఆగింది. రాసి, పంపి, మళ్ళీ మొదలుపెట్టేవాడు. మొహంలో ఏ మార్పూ లేదు.

ఆగస్టులో ఒక రోజు మూల మిషన్ ఆగింది, పెట్టె వచ్చింది. అరగంటైనా బావ దాన్ని పంపలేదు. నిద్రపోయాడేమోనని విసుక్కుంటూ లేచి వెళ్ళాను. పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసి ఉంది.

5.50. ఎద పట్టేసినట్టు ఉందని మంగ అనింది. నేను పడుకోని ఉండా. లారీ పోతాది, ఇంకొక బిందె పట్టుకోనొచ్చి పడుకో అంటిని. 6.05. ఆగింది.

ఇనుములో పగులు వినగలిగే మనిషి, అక్క నోరు విప్పి చెప్పింది వినలేదు! దులిపేద్దామని నోరు తెరిచాను.

బావ చేతులు రెండూ ఒళ్ళో ఉన్నాయి. “కోకిలా, పంపేదా? సరిచేస్తారు గదా” అన్నాడు. బండి ఎన్నింటికని అడిగినట్టే అడిగాడు.

“ఇది చేయలేరు బావా.”

“సరి” అన్నాడు.

స్టూలు లాక్కొని పక్కన కూర్చున్నాను. కీబోర్డు నా వైపు తిప్పుకొని, ఆయన రాసినదాని కింద రాశాను. నాలుగు రోజుల ముందు. మా షాపు మెట్లెక్కి అక్క ఆయాసపడింది. ఒళ్ళు తగ్గించు అక్కా అని నవ్వినాను. కోకిల.

నాకు ఏడుపు ఆగలేదు. ఆయనకు రాలేదు. నేను రాసింది వేలు పెట్టి మెల్లగా చదివాడు.

“టైము వెయ్యలేదే” అన్నాడు.

వేశాను. అప్పుడు పంపాడు.