గట్టవతలి బాబాయి

నందిగామ దగ్గర మా జొన్నచేనికి గట్టవతలి చేను బాబాయిది. చుట్టరికం లేదు, వరస అంతే. కంకులు పాలుపోసుకున్నప్పట్నుంచీ మేం మంచెక్కి, చిలకల్ని తోలుతూ గొంతులు చించుకునేవాళ్ళం. ఆయన మాత్రం ఒక్క కేకైనా వేయకుండా గట్టుమీద తాపీగా చుట్ట కాల్చుకునేవాడు.

"మా అరుపులు నీకు అప్పనంగా దొరికాయిరా!" అని నాన్న దెప్పేవాడు.

"నువ్వు అరుస్తున్నావుగా అన్నయ్యా, మళ్ళీ నేనెందుకు?" అని నవ్వేవాడు.

ఎనభైల్లో ఓ ఏడు చుట్టుపక్కల అందరితోపాటు బాబాయీ జొన్న మానేసి పత్తి వేశాడు; మేం మాత్రం జొన్నే వేశాం. ఆ ఏడు మేమెంత అరిచినా చిలకలు ఓ చుట్టు తిరిగొచ్చి మా కంకులమీదే వాలాయి. అన్నేళ్ళూ మేం తోలినవన్నీ ఆయన చేలోనే కడుపు నింపుకున్నాయని అప్పుడు తెలిసింది.

నాన్న మంచె దిగి, వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాడు.

"వచ్చే ఏడు జొన్నే వెయ్యరా తమ్ముడూ."