రెండు చేతుల వాటా

నా చిన్నప్పుడు మా ఇంట్లో అద్దాన్ని గోడవైపు తిప్పి పెట్టేవారు. నా కోసమే. ఒక వేసవిలో పెరట్లో జీడిపిక్కలు కాలుస్తుంటే, పిక్కల్లోంచి చిమ్మిన నూనెకు మంట అంటుకుని ఒక్కసారిగా పైకి లేచింది. పక్కనే వంగి చూస్తున్న నా కుడి చెంపా మెడా కాలిపోయాయి. టెక్కలి ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేనాటికి పుండ్లు మానాయి గానీ, చర్మం ముడుచుకుపోయి మూతి ఒక పక్కకు లాగేసింది.

అంతకుముందు నేను ఉత్త వాగుడుకాయను. ఇంటికొచ్చాక మాటే పోయింది. బడి మానేశాను, అన్నం సయించేది కాదు, పగలంతా గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. గుమ్మంలో ఎవరి అలికిడైనా అమ్మ పాత చీర ముక్కను చెంప మీదికి లాక్కుని గట్టిగా పట్టుకునేదాన్ని. పిల్ల ఇలాగే మూలన పడి అయిపోతుందేమోనని అమ్మ నా కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చేది. ఆ ఏడుపు నాకు వినిపించేది, కానీ మనసుకు తగిలేది కాదు.

మా మేనత్త ఏడ్చే రకం కాదు. ఊరూరా తిరిగి చేపలమ్మే మనిషి. ఒక పొద్దున్నే వచ్చి నా చెయ్యి పట్టి లేపింది.

"నెగవే గుంటా! పెద్దవల ఏసినారు. లాగడానికి మనుసులు సాల్లేదు."

పెద్దవలను పడవ మీద తీసుకెళ్లి సముద్రంలో వేస్తారు. దాని తాళ్లను ఒడ్డున నిలబడి అందరూ లాగుతారు. తాడు మీద చెయ్యి వేసినవాళ్లకి చేపల్లో వాటా ఇవ్వడం మా ఊరి ఆచారం. నేను ఒక చేత్తో చీర ముక్కను చెంపకు అదుముకుని, రెండోది తాడు మీద వేశాను. అత్త చూడనే చూసింది.

"ఒంటి సేత్తో అట్టుకున్నోలకి వాటా లేదు. మీ యమ్మకి కూరొద్దేటి?"

అంతలో కెరటం తాడును సముద్రంలోకి ఈడ్చింది. చీర ముక్క పట్టుకున్న చెయ్యి కూడా దానంతటదే తాడు మీదికి వెళ్లింది. చీర ముక్క గాలికి ఎగిరిపోయింది. ఇక అందరూ నన్నే చూస్తారని కళ్లు మూసుకున్నాను. కాసేపటికి తెరిచి చూస్తే ఒక్కరూ నావైపు చూడటం లేదు. వల లాగేవాళ్లు సముద్రం వైపు చూస్తూ వెనక్కి నడుస్తారు. నేనూ అటే చూశాను.

ఎన్నాళ్ల తర్వాతో చూశాను సముద్రాన్ని! ఎర్రటి పొద్దు అప్పుడే నీళ్లలోంచి లేస్తోంది. వల దగ్గరకొచ్చేసరికి లోపలి నీళ్లన్నీ కుతకుత ఉడుకుతున్నట్టు కదిలిపోయాయి. నెత్తళ్లు, కవళ్లు, చిన్న చేపల వెండి రాశి. అంత ప్రాణం ఒక్కచోట ఎగిరెగిరి పడుతుంటే నాకు ఒళ్లు జలదరించింది. ఆ తాడు నా చేతుల్లో కూడా ఉంది.

వాటాలు వేసే పెద్దాయన నా ముందుకొచ్చి సూటిగా నా మొహంలోకి చూశాడు.

"గిన్నేదే?"

"తేలేదు" అన్నాను. చాలా రోజుల తర్వాత నా గొంతు నాకు వినిపించింది. గౌను ఒడి పట్టమని అందులో పోశాడు. రెండు చేతులా ఆ బరువు పట్టుకుని, మొహం మీద ఏమీ లేకుండా ఊరి మధ్యనుంచి ఇంటికి నడిచాను.

మర్నాడు మళ్లీ గోడవైపే తిరిగాను. అత్త మళ్లీ వచ్చింది. అలా చాలాసార్లు వచ్చింది.

పెద్దయ్యాక, ఒంటి చేతి కట్టుబాటు నిజమేనా అని అడిగితే పకపకా నవ్వింది. "తాడు మీద ఒక్క ఏలేసినోడికైనా వాటా ఇత్తారే, పిచ్చిదానా."

ఇప్పుడు నాకు మనవలున్నారు. కొత్తవాళ్ల చూపు నా చెంప మీద ఆగితే ఈనాటికీ కుడి చెయ్యి పైకి లేవబోతుంది. దాన్ని ఎడమ చేతి పక్కకు తెచ్చి, ఎదురుగా ఏ పని ఉంటే ఆ పని రెండు చేతులా పట్టుకుంటాను.