గట్టు పక్క మడి

మండపేట చుట్టుపక్కల నాగదుర్గను ఎరగని రైతు లేడు. డ్వాక్రా సంఘం తరఫున ట్రైనింగుకి వెళ్ళి డ్రోను నేర్చుకొచ్చిన మనిషి. చీర మీద చొక్కా తొడుక్కుని, రిమోటు మెడలో వేసుకుని గట్టు మీద నిలబడిందంటే, ఒకప్పుడు మగాళ్ళు వీపున ట్యాంకులు మోసుకుంటూ పొద్దు వాలేదాకా కొట్టే పురుగుమందు కాసేపట్లో కొట్టేసేది. మొదట్లో పళ్ళికిలించిన వాళ్ళే ఇప్పుడు "మీకెప్పుడు ఖాళీ అవుతుందండీ?" అని ఫోన్లు చేస్తున్నారు. ఆడదానికి మర్యాద ఇవ్వడానికి నెత్తిన యంత్రం ఎగరాల్సి వచ్చింది మనవాళ్ళకి!

అలాంటి నాగదుర్గ ఇంట్లో మాత్రం మందు కొట్టిన బియ్యం వండరు. కూతురు చిన్నికి అన్నప్రాశన అయిన నాటినుంచీ శ్యామలాంబ చేలో పండిన బియ్యమే. శ్యామలాంబ పురుగుమందు మానేసి, ఆవు పేడతోనూ వేపాకు కషాయంతోనూ ఒంటరిగా సేద్యం నెట్టుకొస్తున్న పెద్దావిడ. "కొట్టేది మందు, తినేది మందు లేని తిండా?" అని ఎవరన్నా వెక్కిరిస్తే నాగదుర్గ నవ్వేసేది. "ఆ వాసన రోజూ పీల్చేదాన్ని నేను కదండీ, నాకు తెలిసినట్టు మీకేం తెలుస్తుంది?" అనేది. అంతటితో ఊరుకోలేదు. స్కూలు టీచరు గారికీ, బ్యాంకు వాళ్ళకీ చెప్పి శ్యామలాంబ బియ్యానికి కొనేవాళ్ళను కుదిర్చింది. బస్తాలు తన స్కూటీ మీదే తీసుకెళ్ళి ఇళ్ళల్లో దింపేది. "నీ చలవేనమ్మా" అనేది శ్యామలాంబ. ఆ మాటకి నాగదుర్గ కడుపు నిండిపోయేది.

ఈ దాళ్వాలో, అదే రెండో పంటలో, ఆ మాటే ముల్లై కూర్చుంది.

పొట్ట మీదున్న వరికి సుడిదోమ పడింది. శ్యామలాంబ చేనుని ఆనుకుని జగన్నాథరావు గారి చేను, మధ్యన ఒక్క గట్టు. ఆయన చేనుకి మందు కొట్టడానికి నాగదుర్గ పొద్దున్నే వెళ్ళింది. చివరి మడుల దగ్గరికి వచ్చేసరికి ఎండెక్కింది, గాలి తిరిగింది. గాలి లేస్తే డ్రోను దించెయ్యాలి. ట్రైనింగులో అన్నిటికంటే ముందు చెప్పిన మాట అదే. కొబ్బరాకులు శ్యామలాంబ చేను వైపు వాలడం ఆమె చూసింది. "ఆ కాస్తా కానిచ్చెయ్యమ్మా, మళ్ళీ రేపంటే ఎక్కడవుతుంది?" అన్నారు జగన్నాథరావు. అవతల ఊళ్ళో ఇంకో రైతు ఎదురుచూస్తున్నాడు కూడా. కానిచ్చేసింది. తుంపర గట్టు దాటి అవతలి మడుల మీద పడింది. జగన్నాథరావు ఫోనులో మాట్లాడుకుంటూ అటు చూడనేలేదు. శ్యామలాంబ చేలో ఒక్క ఆకు వాడలేదు. చేసిన తప్పుకి ఆనవాలు లేకపోతే హాయిగా ఉంటుందనుకుంటాం గానీ, మోయడం మరీ కష్టం.

ఆ సాయంత్రమే చెప్పేద్దామని శ్యామలాంబ ఇంటికి వెళ్ళింది. ఆవిడ కాఫీ ఇచ్చింది. తాగేసి వచ్చేసింది. చెబితే ఆవిడ ఆ పంటని మందులేని పంటగా అమ్ముకోలేదు. చెప్పకపోతే తనని నమ్మి కొంటున్న ఇళ్ళన్నీ మోసపోతాయి. రెండూ నాగదుర్గకి తెలుసు. ముసలావిడ మనసు కష్టపెట్టలేక ఊరుకున్నానని సర్దిచెప్పుకుంది. నిజానికి తన పేరు పోతుందన్న భయం, అంతే. కోతలయ్యాక శ్యామలాంబ బస్తాలు దింపిరమ్మంటే కిమ్మనకుండా దింపి వచ్చింది.

వారం తిరక్కుండా శ్యామలాంబే ఆటోలో ఓ చిన్న బస్తా వేసుకుని ఇంటికొచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"ఇది చిన్ని కోసం దాచానే. గట్టు పక్క మడుల్లోది. మిగతా చేనంతా దోమ సుళ్ళు సుళ్ళుగా తినేసింది గానీ, అక్కడ గింజ ఎలా పట్టిందో చూడు! ఈసారి కషాయం చిక్కగా కాచి ముందు అటే కొట్టాను. జగన్నాథరావు గారు చూసి, వానాకాలం సార్వాకి ఆయన కూడా ఓ ఎకరం మందు లేకుండా వేస్తానన్నారు. ఇన్నేళ్ళకి ఈ ఊళ్ళో ఒక్కరన్నా నన్ను నమ్మారే!"

ఈలోగా చిన్ని పరిగెత్తుకొచ్చి, బస్తాలో చెయ్యి పెట్టి, గుప్పెడు గింజలు నోట్లో వేసుకోబోయింది. నాగదుర్గ ఆ చెయ్యి పట్టుకుని ఒక్క లాగు లాగింది. గింజలన్నీ నేల పాలయ్యాయి. పిల్ల ఏడుపు అందుకుంది.

"పిల్లనలా లాగుతావేంటే?" అంది శ్యామలాంబ.

"ఆ మడుల్లో దోమ చచ్చింది మీ కషాయానికి కాదండీ, పిన్నిగారూ. నా డ్రోను మందుకి."

అంతా చెప్పేసింది. శ్యామలాంబ అరుగు మీద కూలబడింది.

"గాలి చూసుకోలేదా?"

"చూశానండి."

శ్యామలాంబ నేల మీది గింజల వైపు చూసింది. "అయితే జగన్నాథరావు గారికి చెప్పెయ్యాలి" అంది నీరసంగా. అంతలోనే తలెత్తింది. "మొన్న టీచరు గారింట్లో దింపావే, ఆ బస్తా కూడా ఆ మడులదే. వాళ్ళకీ ఇద్దరు చిన్నపిల్లలు. నీకు తెలిసే దింపావా?"

ఆ ఇంటి గడపలో బస్తా దించుతున్నప్పుడు పెగలని నోరు, తన పిల్ల నోటి దగ్గరికి వచ్చేసరికి పెగిలింది. ఇలాంటి మనిషినా నేను అనిపించి నాగదుర్గ తల ఎత్తలేకపోయింది. తిడితే బాగుండును, నాలుగు తగిలించినా బాగుండునని ఎదురుచూసింది.

శ్యామలాంబ కొంగు దులుపుకుని లేచింది. "స్కూటీ తియ్యి. టీచరు గారింటికి పోదాం."

"నేను వెళ్ళి చెప్పి, బస్తా తెచ్చేస్తాను. మీరెందుకండీ?"

"నువ్వక్కడ ఏమీ మాట్లాడకు. మందు లేదని వాళ్ళకి మాటిచ్చింది నేను. తప్పయిందని చెప్పుకోవలసింది కూడా నేనే."

నాగదుర్గ స్కూటీకి తాళం పెట్టబోతే తాళం జారి కింద పడింది. శ్యామలాంబే వంగి తీసి అందించింది.