ఎంగిలి కంచాల మామగారు

ఎంగిలి కంచం కనబడితే చాలు, మామగారికి చేతులు దురదపెట్టేవి. సొంతిల్లా పరాయిల్లా అని చూసేవారు కాదు. తిన్నవాళ్లు త్రేన్చేలోగా సింకు ముందు నిలబడేవారు. ముప్పై ఏళ్లు లారీ నడిపిన మనిషి, గుమ్మంలో నిలబడితే గదిలోకి వెలుతురు రానంత విగ్రహం. గుబురు మీసానికి ఎప్పుడూ కాస్త సబ్బు నురగ అంటుకుని ఉండేది. చెప్పి చెప్పి అత్తగారు ఎప్పుడో చేతులెత్తేశారు.

ఒకసారి పాస్టరుగారింటికి వెళ్లారు. పాస్టరుగారు టీ సగం తాగి, కప్పు కింద పెట్టి ప్రార్థన అందుకున్నారు. ఆమేన్ అని కళ్లు తెరిచేసరికి కప్పు కడిగి బోర్లించి ఉంది.

"సగం టీ ఉందయ్యా అందులో!"

"చల్లారిపోయిందండీ. మీ ప్రార్థన పొడుగు కదా!"

ఎదురింటి దర్జీ భార్య పెనం సంగతి మరీ ఘోరం. వాడి వాడి నల్లగా నునుపుదేలిన పెనాన్ని గంటసేపు తోమి తళతళలాడించారు. "అది మాడు కాదు బాబాయ్, పదిహేనేళ్ల నా కష్టం!" అని ఆవిడ లబోదిబోమంది. ఆ తర్వాత నెలరోజులు ఆ పెనం మీద ఏం వేసినా ఊడి రాలేదు.

చర్చిలో అందరూ సాక్ష్యాలు చెప్పే వేళకి ఈయన వెనక గదిలో గ్లాసులు కడుగుతుండేవారు. "దేవుడు మీకు చేసిన మేలు మీరూ చెప్పండి" అని పాస్టరుగారు పిలిస్తే, "చెబుతూనే ఉన్నానండీ!" అని నీళ్ల చప్పుడులోంచి కేక వినబడేది.

కోడలు ఇవన్నీ నవ్వుకుంటూ భరించింది. కానీ పెళ్లయిన ఆరు నెలలకు తన తల్లిదండ్రులు మొదటిసారి భోజనానికి వస్తున్నారనేసరికి గుండెల్లో రాయి పడింది. తండ్రి హెడ్మాస్టరు, మహా పద్ధతి మనిషి. కూతురు మామగారి చేత అంట్లు తోమిస్తోందనుకుంటే ఇంకేమైనా ఉందా! పీచునీ సబ్బునీ బీరువాలో పెట్టి తాళం వేసింది.

"మామయ్యా, ఈ ఒక్క పూటకీ సింకు జోలికి వెళ్లకండి."

"కన్నెత్తి కూడా చూడను తల్లీ."

పాపం, చూడలేదు. హెడ్మాస్టరుగారు మారు వడ్డన కోసం తలెత్తేలోగా ఆయన కంచం అందుకుని, తల పక్కకి తిప్పుకుని సింకు దాకా నడిచారు. పీచు లేకపోతే జేబురుమాలు తీశారు.

"ఏమిటిది బావగారూ! మా ఎంగిలి మీరు తీయడమేంటి?" హెడ్మాస్టరుగారు కూతురి వైపు తిరిగారు. "ఏమ్మా, అత్తారింట్లో నువ్వు చేస్తున్న నిర్వాకం ఇదా?"

కోడలికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అమ్మాయినేం అనకండి," అన్నారు మామగారు. "లారీ బోల్తాపడి, రెండు చేతులకీ కట్లతో నాలుగు నెలలు ఆసుపత్రిలో ఉన్నాను. పక్క మంచం కుర్రాడి తల్లి నాకూ అన్నం తినిపించి, కంచం కడిగేది. నా ఎంగిలి నీకెందుకమ్మా అంటే, 'యేసయ్యే శిష్యుల కాళ్లు కడిగాడు నాయనా, కంచానికేం' అంది. నన్ను బతికించినందుకు దేవుడికి మైకులో థాంక్స్ చెప్పడం నాకు చేతకాదు బావగారూ. చేతులు బాగయ్యాయి కదా, ఇది చేతనవును."

ఈలోగా కోడలి తల్లి అలవాటు కొద్దీ సగం తిన్న కంచం వదిలి పరుగెత్తుకొచ్చింది. "ఇటివ్వండి అన్నయ్యగారూ, నేను కడుగుతాను."

"నువ్వు కూర్చో చెల్లెమ్మా. ఎవరి కంచమైనా లాక్కుంటాను గానీ, రోజూ వండిపెట్టేవాళ్ల కంచం, వాళ్లు తృప్తిగా తినేదాకా ముట్టను. అంట్ల బెంగ లేకుండా వేడివేడిగా తిను."

కోడలికి అప్పుడు తట్టింది. ఈ ఇంటికొచ్చాక తను ఒక్క పూట కూడా నిలబడి తినలేదు, చల్లారింది తినలేదు. పాస్టరుగారి భార్యా, దర్జీ భార్యా కూడా ఈయన వచ్చిన రోజునే తీరిగ్గా కూర్చుని తినేవాళ్లు. ఆ నురగ మీసం మీద ఆమెకి ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది.

తల్లి మెల్లగా వచ్చి కూర్చుంది. నాలుగు ముద్దలు తిని, "ఇంకొంచెం కూర వెయ్యమ్మా, బావుంది" అంది. అమ్మ మారు అడగడం కూతురు ఎన్నడూ వినలేదు. హెడ్మాస్టరుగారూ వినలేదు. ఆయన ఒకసారి భార్య వంక చూసి, లేచి సింకు దగ్గరికి వెళ్లారు.

"బావగారూ, కాస్త పక్కకి జరగండి."

ఎంతో పద్ధతిగా ఒక కంచం తోమి బోర్లించారు. మామగారు దాన్ని తిప్పి చూసి, మళ్లీ ఆయన చేతిలోనే పెట్టారు.

"కంచానికి వెనకవైపు కూడా ఉంటుంది హెడ్మాస్టరుగారూ!"