పచ్చడి సీసా జీతం కిందికి వస్తుందా?

ఆ రోజుల్లో అని మొదలుపెట్టడానికి నాకింకా జుట్టు నెరవలేదు, మోకాళ్ళు కూడా బాగానే ఉన్నాయి. అయినా లైప్‌జిగ్‌లో మాస్టర్స్ చదివిన ఆ కాలం గుర్తొస్తే, అంత మొండిగా తిరిగింది నేనేనా అని నాకే అనుమానం వస్తుంది. అప్పుడు జర్మనీలో జనాభా లెక్కలు జరుగుతున్నాయి. ఇంటింటికీ వెళ్ళి ప్రశ్నలు అడిగే వాళ్ళు కావాలంటే ఎగిరి గంతేసి చేరిపోయాను. "ఇక్కడ ఆ పని మాస్టార్ల నెత్తిన రుద్దుతారు, నువ్వు అంత దూరం పోయి కోరి నెత్తికెత్తుకున్నావా?" అని తెనాలి నుంచి మా అమ్మ ఫోన్లో విసుక్కుంది. నేను వింటేగా! మెళ్ళో గుర్తింపు కార్డు, చంకలో టాబ్లెట్‌తో ట్రామ్ ఎక్కితే, జర్మనీ దేశం మొత్తం నా లెక్క కోసమే ఆగి ఉందనిపించేది. (ఎవరింట్లో ఏం విన్నా బయట చెప్పనని సంతకం పెట్టాను. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం ఆ మనిషి "రాస్కో, ఏం గాదు" అన్నాకే రాస్తున్నాను.)

వయసు, పుట్టిన ఊరు, చదువు... ఇవన్నీ చిటికెలో అయిపోయేవి. చిక్కంతా వృత్తి దగ్గరే వచ్చేది. "ఉద్యోగి" అని రాసి పంపిస్తే మా సూపర్‌వైజర్ వెనక్కి తిప్పి కొట్టేది. సన్నగా పొడుగ్గా ఉండే ఆవిడ, నవ్వితే ఆ నవ్వుకి కూడా కారణం చూపించాల్సి వస్తుందేమోనన్నట్టు ఉండేది. "పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ మనిషి నిజంగా ఏం చేస్తాడో అది రాయండి. లేకపోతే ఏ గుంపులో వేయాలో మాకెలా తెలుస్తుంది?" అనేది. ఒక జర్మన్ పెద్దాయన తాను వడ్రంగినని నాతో గట్టిగా వాదించాడు. తీరా చూస్తే ఏళ్ళ తరబడి నడుపుతున్నది ట్రామ్! కుర్రతనంలో నేర్చుకున్న పనే మనిషి పని అని వాళ్ళ పట్టుదల. మనవాళ్ళతో ఆ గొడవే లేదు, అందరిదీ ఒకటే మాట, "సాఫ్ట్‌వేర్". టెస్టింగ్ చేసేవాడూ సాఫ్ట్‌వేరే, జీతాల పట్టీలు చూసేవాడూ సాఫ్ట్‌వేరే, ఆఫీసులో మానిటర్లు మోసి బల్లల మీద పెట్టే అబ్బాయీ సాఫ్ట్‌వేరే. ఒళ్ళు మండేది నాకు. నా చేతి మీదుగా వెళ్ళే ఒక్క వృత్తి కూడా తిరిగి రాకూడదని పంతం పట్టాను.

ఆ పంతంతోనే ఒక శనివారం మధ్యాహ్నం నలుగురు తెలుగు కుర్రాళ్ళు కలిసి ఉంటున్న ఫ్లాట్‌కి వెళ్ళాను. ముగ్గురు ఇంకా చదువుతున్నారు, వాళ్ళ పని తేలిగ్గానే తేలిపోయింది. నాలుగో అతన్ని అందరూ పెద్దన్న అని పిలుస్తున్నారు. కరీంనగర్ వైపు మనిషి. చదువు అయిపోయి ఏడాది దాటింది, ఉద్యోగం దొరకలేదు, వీసా గడువు దగ్గరపడుతోంది. టీ కాస్తున్న భీమవరం కుర్రాడు నా చెవి దగ్గరికొచ్చి, "అన్న వాళ్ళమ్మ ఫోను ఎత్తడం మానేశాడక్కా. ఏం చేస్తున్నావని అడుగుతుందని భయం. ఇంటికెళ్ళిపోతానని టికెట్లు కూడా చూస్తున్నాడు" అన్నాడు. అయినా టాబ్లెట్ తీసి పెద్దన్న ముందు కూర్చున్నాను.

"నాది గింతసేపట్లనే అయిపోతది. ఏం లేదు, ఖాళీ అని రాస్కో" అన్నాడు గోడవైపు చూస్తూ.

"ఊరికే రాయడానికి లేదన్నా. మేం అడిగే వారంలో ఒక్క గంట పని చేసి, దానికి ఏదైనా పుచ్చుకున్నా పని ఉన్నట్టే లెక్క."

"గంట గాదు, నిమిషం గూడ లేదు. నీకు పుణ్యముంటది, రాసి పో."

సరిగ్గా అప్పుడే బాత్రూమ్ తలుపు తెరుచుకుంది. మెడకి దుప్పటి కట్టుకుని, సగం తల నున్నగా, సగం తల గుబురుగా ఉన్న పక్క ఫ్లాట్ కుర్రాడొకడు బయటికొచ్చాడు. "అన్నా, ఎంతసేపు? మెడ దురద పెడుతోంది" అన్నాడు. నన్ను చూసి సిగ్గుపడి, చేతిలో ఉన్న గోంగూర సీసాని వంటింటి అరలో పెట్టాడు. ఆ అరలో చూస్తే మాగాయ, ఆవకాయ, ఉసిరికాయ, చింతకాయ, పండుమిరపకాయ... మా వీధి మొత్తం వెతికినా అన్ని పచ్చళ్ళు దొరకవు.

"ఇదంతా ఏంటన్నా?"

"ఏముంది, పోరగాళ్ళకు కటింగ్ జేస్త. ఈడ సెలూన్ల టెర్మిన్, గదే అపాయింట్‌మెంట్, దొరకది. దొరికినా గిన్నె బోర్లించినట్టు కోస్తరు."

"మరి పచ్చళ్ళు?"

"ఇస్తె తీసుకుంట. మనోళ్ళల్ల సాయాన్ని గూడ పని అంటరా?"

అక్కడ దొరికాడు. మనకి ఇదో అలవాటు, చేతిలో నోటు పడితేనే పని, సీసా పడితే సాయం! "పచ్చడి తేకపోతే చేస్తావా?" అని నిలదీశాను. పెద్దన్న నోరు తెరిచేలోపు భీమవరం కుర్రాడు అందుకున్నాడు. "చస్తే చేయడక్కా! వట్టి చేతుల్తో తల వంచానని పోయిన నెల నన్ను సగం తలతో కూర్చోబెట్టాడు. నేను టోపీ పెట్టుకుని ఇండియన్ స్టోర్‌కి పరిగెత్తాను."

ఇక నేనాగుతానా? అక్కడికక్కడే సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను. "మేడమ్, జుట్టు కత్తిరించినందుకు పచ్చడి ఇస్తే అది జీతం కిందికి వస్తుందా?" అని జర్మన్‌లో అడిగాను. "పచ్చడి అంటే?" అంది ఆవిడ. పుల్లటి ఆకు, ఎండుమిరపకాయలు, నూనె, వెల్లుల్లి అంటూ నాకొచ్చినంత వర్ణించాను. "ప్రతిసారీ ఇస్తారా?" "ఇస్తారు." "ఇవ్వకపోతే?" "సగం తల మీద ఆగిపోతుంది." ఆవిడ దీన్ని ఎంత గంభీరంగా ఆలోచించిందంటే, కుర్రాళ్ళంతా ఊపిరి బిగబట్టారు. "అయితే అది ప్రతిఫలమే. డబ్బే కానక్కర్లేదు. ఆయన పని చేస్తున్నారు. వృత్తి స్పష్టంగా రాయండి" అంది. పన్నుల ఆఫీసు పేరెత్తి ఒక కుర్రాడు గొణిగితే, "ఈ వివరాలు ఇంకే ఆఫీసుకీ పోవు" అని గట్టిగా చెప్పి ఫోన్ పెట్టేసింది.

కుర్రాళ్ళు ఈలలు వేశారు. పెద్దన్న మాత్రం మొహం ఎర్రగా చేసుకుని లేచాడు. "ఎం.ఎస్. సదివి కటింగ్ జేసేటోడని రాపిచ్చుకోవాల్నా? మా ఊర్ల తెలిస్తె ఇజ్జత్ ఉంటదా?"

నాకు తిక్క రేగింది. "నీ ముందు తల వంచుకుని కూర్చున్న వాళ్ళకి పోని పరువు నీకెందుకు పోతుందన్నా? రోజంతా ఆ పని చేసి పిల్లల్ని సాక్కునే వాళ్ళకి పరువు లేదనా నీ ఉద్దేశం? ఇంకోసారి అను, చూస్తాను! పని చేసే మనిషిని పట్టుకుని ఖాళీ అని నేను రాయను గాక రాయను."

పెద్దన్న మెల్లగా కూర్చున్నాడు. "అంటే... నేను ఖాళీగ లేనన్నట్టేనా?" అన్నాడు.

"లేవు."

"ఈళ్ళ గవర్నమెంట్ గూడ గదే అంటదా?"

"ఇప్పుడేగా విన్నావు!"

నేను టాబ్లెట్‌లో మగవాళ్ళకి జుట్టు కత్తిరించే పని అని రాస్తుంటే భుజం మీదుగా తొంగి చూశాడు. "ఫేడ్ అని గూడ రాయి. పక్కలకు మెల్లమెల్లగ సన్నగ దించుడు అందరికి రాదు" అన్నాడు. నవ్వు ఆపుకుని అదీ రాశాను.

ఇంతలో బల్ల మీద అతని ఫోను మోగింది. అమ్మ. కుర్రాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పెద్దన్న ఆ ఫోను వైపు చూసి, నా వైపు చూసి, తీసి స్పీకర్ నొక్కాడు. "బిడ్డా, ఏం జేస్తున్నవురా?" అందావిడ. "పోరగాళ్ళకు కటింగ్ జేస్తున్ననమ్మా."

నేనూ కుర్రాళ్ళూ ఫోను మీదికి వంగాం.

"ఎవ్వని చెవన్న కోసినవా?" అందావిడ.

"లేదే!"

"మరి మంచిగనే జేస్తున్నవ్ గదరా. గా ముచ్చట జెప్పనీకి ఇన్ని దినాలు ఫోను ఎత్తకపోతివా? నీకేమన్న అయ్యిందేమోనని నేను ఈడ సచ్చిపోతున్న."

అంత పెద్ద మనిషి బాత్రూమ్‌లోకి వెళ్ళి టబ్బు అంచున కూర్చుని, ఫోను చెవికి ఆనించుకుని బావురుమన్నాడు. సగం తల కుర్రాడు దుప్పటితోనే గుమ్మం దగ్గర నిలబడి, తన వంతు కోసం ఓపిగ్గా చూస్తూ ఉన్నాడు.

వీసా గడువు ముగియకముందే పెద్దన్నకి హాంబర్గ్‌లో ఉద్యోగం దొరికింది, అదీ సాఫ్ట్‌వేర్‌లోనే. దానికీ నాకూ సంబంధం లేదు. కానీ ఆ రోజు ట్రామ్‌లో వెనక్కి వస్తూ, జర్మనీలో ఒకడికి ఉద్యోగం వేయించానని లేని మీసం మెలేసుకున్నాను నేను. ఇప్పుడు నాకు మర్యాద బాగా వంటబట్టింది. ఎవరైనా మొహం పక్కకి తిప్పుకుని "ఖాళీగా ఉన్నానండీ" అంటే, అయ్యో అని జాలిపడి మాట మార్చేస్తున్నాను. అప్పటి నేనైతే చెప్పులు విప్పి లోపలికొచ్చి కూర్చునేదాన్ని.