పందొమ్మిదో పేజీలో చేపలు

ఈ ఏడు యోన్నా కాగితం బస్సులోకి రాలేదు. వారం రోజులు ఎక్కిన ప్రతి తల్లీ అదే ప్రశ్న. "యోన్నా ఇంకా పెట్టలేదా రీత్వా?" లేదమ్మా, పెట్టలేదు, నేనేం దాచుకున్నానా? విసుక్కుని పంపించాను అందర్నీ. ఎందుకు పెట్టలేదో నాకు తెలుసు. చెప్పడానికి అనుమతి ఇవ్వాల్సినవాళ్ళు ఇచ్చారు కాబట్టి ఇప్పుడు చెబుతున్నా.

మాది లైబ్రరీ బస్సు. ఇరవై మూడేళ్ళుగా డ్రైవర్నీ నేనే, లైబ్రేరియన్నీ నేనే. మంచు పడ్డా, ఎండ కాసినా మంగళవారం పదింటికి బడి ముందు ఆగాల్సిందే. తలుపు పక్కన ఒక చెక్కపలక ఉంది. ప్రతి ఏడూ వేసవి సెలవుల ముందు యోన్నా దాని మీద ఒక కాగితం గుచ్చుతుంది. ఆ ఏడు తనకి దొరికిన మంచి వస్తువులు, మంచి పుస్తకాలు. వస్తువులంటే కొత్తవి కావు, పాతసామాన్ల అంగట్లో బల్లబల్లా గాలించి పట్టుకున్నవి. "ఇత్తడి పిడి భూతద్దం. పిల్లలు గంటసేపు చీమల్ని చూస్తారు, ఆ గంటలో మీరు కాఫీ తాగండి." "రబ్బరు బూట్లు ఒక సైజు పెద్దవే తీసుకోండి, ఆగస్టుకి సరిపోతాయి." "వానరోజు పుస్తకం ఇది. రెండో అధ్యాయం దాటితే పిల్లలకి అమ్మ గుర్తురాదు." ఇలా ఉంటాయి ఆమె రాతలు. ఊళ్ళో ఆడవాళ్ళు ఫోన్లో ఫొటో తీసుకుని వెళ్తారు.

అంత తీరిక ఉందా అంటే, ఊపిరి పీల్చుకోవడానికి లేదు. యోన్నా ఇంటింటికీ తిరిగే నర్సు. పొద్దున్న ఏడు నుంచి ముసలివాళ్ళకి మందులివ్వడం, కట్లు కట్టడం, పడిపోతే లేపడం. ఆమె మొగుడు తోమి దుంగల లారీ నడుపుతాడు, వారంలో నాలుగు రోజులు రోడ్డు మీదే. పిల్లలిద్దరు, ఎనిమిదేళ్ళ హెల్కా, ఐదేళ్ళ విల్యా. బడికి సెలవులు పది వారాలు. యోన్నాకి సెలవు జులై నడుమ నుంచి. మధ్యలో ఐదు వారాల గండం గట్టెక్కించేది యోన్నా వాళ్ళమ్మ సిర్కా. సరస్సు ఒడ్డున ఒంటరిగా ఉంటుంది, డెబ్బై నాలుగేళ్ళు, నోరు మాత్రం పదునే. మా ఇద్దరికీ నా చిన్నప్పటి నుంచి పడదు, ఒకర్ని చూడకుండా ఒకరం ఉండలేం.

సిర్కా డిటెక్టివ్ నవలలు నమిలి మింగుతుంది. పెద్దవాళ్ళకి ఒక అలవాటుంది. చదివిన పుస్తకం పొరపాటున మళ్ళీ పట్టుకెళ్ళకుండా లోపల గుర్తు పెట్టుకుంటారు. ఒకాయన ఏడో పేజీ అంకె కింద గీత గీస్తాడు. ఒకావిడ చివరి పేజీలో చుక్క పెడుతుంది. సిర్కాది పందొమ్మిదో పేజీ. అడుగున పెన్సిల్‌తో, చెయ్యి ఎత్తకుండా ఒక్క గీతతో చిన్న చేప. చెరిపెయ్యాలని రూలు. నేను చూడనట్టు ఊరుకుంటాను. ఎవరి కొంప మునిగింది? హెల్కాకైతే అదొక ఆట. బస్సెక్కగానే పెద్దవాళ్ళ అరలో పందొమ్మిదో పేజీలు తిప్పుతూ అమ్మమ్మ చేపల్ని పట్టుకుంటుంది.

మే నెల ఆఖరి మంగళవారం యోన్నా డ్యూటీ బట్టల్లోనే పరుగెత్తుకుంటూ వచ్చింది, పిల్లలు వెనకాల. "శనివారం బడి ముగింపు పండగ, సోమవారం అమ్మ దగ్గర దింపాలి, ఇంకా సంచీ సర్దలేదు. ఐదు నిమిషాలే ఉంది రీత్వా!" అంటూ పురుగుల పుస్తకం ఒకటి, ముళ్ళపంది కథ ఒకటి లాగింది. తనకోసం డిటెక్టివ్ నవల ఒకటి తీసి హెల్కా చేతిలో పెట్టింది.

"కాగితం ఏదే?" అన్నాను.

"సాయంత్రం రాస్తా. ఎర్ర లైఫ్ జాకెట్ దొరికింది విల్యాకి, కొత్తదానిలా ఉంది. దాంతోనే మొదలుపెడతా."

మెట్టు మీద కూర్చున్న హెల్కా కేక పెట్టింది. "అమ్మా! అమ్మమ్మ చేప పిల్లల్ని పెట్టింది! ఒకటి, రెండు, మూడు, నాలుగు!"

యోన్నా నవ్వుతూనే పుస్తకం అందుకుంది. పందొమ్మిదో పేజీలో నాలుగు చేపలు వరసగా ఉన్నాయి. మొదటిది చక్కగా ఉంది. నాలుగోదానికి తోక కలవలేదు. ఆమె ముఖంలో నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్ళు మాత్రం మారిపోయాయి.

"హెల్కా, చెల్లిని తీసుకుని బొమ్మల పుస్తకాల దగ్గరికి వెళ్ళు." పిల్లలు వెనక్కి వెళ్ళాక నా బల్ల మీదికి వంగింది. "రీత్వా, ఇది అమ్మ ఎప్పుడెప్పుడు తీసుకెళ్ళింది?"

"ఎవరు ఏం తీసుకెళ్ళారో చెప్పకూడదు. నీకు తెలీనిదా?"

"నేను అడుగుతున్నది మా అమ్మ గురించి."

"కన్నకూతురికైనా అంతే."

"సోమవారం నా పిల్లలిద్దర్నీ ఐదు వారాలకి ఆ నీళ్ళ ఒడ్డున ఆమె చేతిలో పెట్టి పోవాలి. విల్యాకి ఈత రాదు. ఇప్పుడు చెప్పు, చెప్పకూడదని."

నేను స్కానర్ వైరు సర్దుతూ కూర్చున్నాను. "నచ్చి ఉంటుంది. నచ్చింది నాలుగుసార్లు చదవరా ఏం?"

"తెలిసే మళ్ళీ చదివితే అక్కడ చేప ఉండనే ఉంది. ఇంకోటి ఎందుకు గీస్తుంది?" నాలుగో చేప మీద వేలు పెట్టింది. "మతిమరుపు మొదలైందేమో చూడ్డానికి రోజూ పదిమంది చేత గడియారం బొమ్మ గీయిస్తాను రీత్వా. ముల్లు తప్పు పెడితే డాక్టరుకి రాస్తాను. మా అమ్మని మాత్రం ఫోన్లో బాగున్నావా అనడం, బాగున్నానంటే పెట్టెయ్యడం. ఇదేనా నా చదువు?"

మిగతావి అక్కడే వదిలేసి ఆ నవల ఒక్కటి పట్టుకుని వెళ్ళిపోయింది. హెల్కా అడుగుతూనే ఉంది, "చేపలకి పేర్లు పెడదామా అమ్మా?" అని.

ఆ నాలుగు రోజులు నాకు అన్నం సయించలేదు. ఎందుకంటే నాకు ముందే తెలుసు. జనవరి నుంచి చూస్తున్నాను. సిర్కా అదే పుస్తకం పట్టుకొచ్చి, "కొత్తది వచ్చిందే, చెప్పవేం?" అంటుంది. నవ్వుతుందేమోనని ముఖం చూసేదాన్ని. నవ్వేది కాదు. నేనేం చేశాను? రూలు, రూలు అని నోరు కట్టేసుకున్నాను. అంతకన్నా పాపిష్టి పని ఇంకోటి చేశాను, అది తర్వాత చెబుతా.

శనివారం బడి ఆవరణలో పిల్లలంతా పాట పాడారు, తల్లులంతా ముక్కులు చీదారు, ఏటా ఉన్నదే. సిర్కా నీలం గౌను వేసుకుని, పెదాలకి రంగు పూసుకుని ముందు వరసలో కూర్చుంది. నన్ను చూడగానే, "నీ బస్సు బ్రేకులు మా ఇంటిదాకా వినబడుతున్నాయి. మార్పించు. లేక అరిచేది నువ్వేనా?" అంది.

యోన్నా పక్కనే నిలబడి ఊరికే మాట్లాడుతున్నట్టు అడుగుతోంది. హెల్కా టీచరు పేరేంటమ్మా? ఇవాళ తారీఖెంత? అన్నింటికీ టకటకా చెప్పింది సిర్కా. టీచరుగారి ఊరు కూడా చెప్పింది. ఒక్క తప్పు దొరకలేదు. దానికి సంతోషించాలి కదా, నాకేమో ఇంకా భయమేసింది. తప్పు దొరికితే తేలిపోయేది. ఇప్పుడు యోన్నా ఏం చేస్తుంది? నాలుగు పెన్సిల్ గీతల్ని చూసి పిల్లల్ని ఆపేస్తుందా? ఆపితే ఎక్కడ పెడుతుంది? ఆపకపోతే?

సైకిళ్ళ దగ్గర యోన్నా ఒంటరిగా దొరికింది. ఇక ఆపుకోలేకపోయాను.

"నాలుగు కాదే. ఐదు."

"ఏంటి?"

"మార్చిలో ఒకటి నేనే రబ్బరుతో చెరిపేశాను."

"ఎందుకు?"

"అన్ని చేపలు చూసుకుంటే సిగ్గుతో చచ్చిపోతుందని."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. కారు తాళాలు తీసి, "కారెక్కు. అమ్మ కాఫీకి పిలిచింది. నువ్వూ వస్తున్నావు," అంది. పిల్లలు అమ్మమ్మ కార్లో వస్తామని గోల పెట్టారు. "పిల్లల సీట్లు ఇందులోనే ఉన్నాయి," అని యోన్నా గబగబా బెల్టులు పెట్టేసింది. సిర్కా తలుపు వేసేదాకా చూసి తన కారెక్కింది.

దారంతా యోన్నా ముందున్న తల్లి కారు మీద నుంచి కళ్ళు తియ్యలేదు. మలుపు దగ్గర సిగ్నల్ ఆలస్యంగా వేస్తే, "చూశావా?" అంది. ఆమె ఎప్పుడూ అంతే, పెళ్ళికి ముందు కూడా అలాగే నడిపేది. ఆ మాట నేను చెప్పినా యోన్నా వినే స్థితిలో లేదు.

సిర్కా ఇంట్లో ఏలకుల బన్నుల వాసన వస్తోంది. మేడ మీద పిల్లల గదిలో దుప్పట్లు మార్చి ఉన్నాయి. విల్యా ఎర్ర జాకెట్ తొడుక్కుని ఒడ్డుకి పరుగెత్తి, అంతే వేగంగా తిరిగొచ్చింది. "అమ్మమ్మా, పడవ ఏదీ?"

"పక్కింటి ఎస్కోకి ఇచ్చేశా."

"ఎందుకూ?"

"దాన్ని తోసే ఓపిక లేదు తల్లీ. బన్ను తింటావా, నన్ను తింటావా?"

యోన్నా కప్పుల కోసం వంటింట్లోకి వెళ్ళింది. ఎంతకీ రాలేదు. తర్వాత నెమ్మదిగా నన్ను పిలిచింది.

బీరువా తలుపు లోపలివైపు ఒక కాగితం అంటించి ఉంది. సిర్కా చేతిరాత, ఒక్కో మాటా గట్టిగా ఒత్తి రాసింది.

పిల్లలు ఇద్దరు. హెల్కా ఎనిమిది. విల్యా ఐదు, ఈత రాదు.
పదకొండింటికి భోజనం. పెట్టాక టిక్కు పెట్టు.
ఒడ్డుకెళ్తే జాకెట్లు. చెప్పినా వినరు, నువ్వే తొడుగు.
పొయ్యి చూడు. మళ్ళీ చూడు.
గంటకోసారి లెక్కపెట్టు. ఇద్దరు.

కాగితం అంచుల చుట్టూ చేపలు. ఇరవయ్యో ముప్ఫయ్యో ఉంటాయి. అది చదివిన ప్రతిసారీ ఒకటి గీసింది. యోన్నా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"దొరికిందా?" వెనక నుంచి సిర్కా గొంతు. గుమ్మంలో నిలబడి ఉంది. "నీకు ఎక్కడున్నా ఏదో ఒకటి దొరుకుతుందిలే."

"డాక్టరు దగ్గరికి వెళ్ళావా అమ్మా?"

"ఫిబ్రవరిలో వెళ్ళా."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే పిల్లల్ని పంపవు."

"పంపను."

"అదే మరి. ఈ ఒక్క వేసవి గడిస్తే చాలనుకున్నా. పడవ తీసేయించా. పొద్దునా సాయంత్రం వచ్చి చూసిపొమ్మని ఎస్కోకి చెప్పా. రాసుకున్నా, రోజూ చదువుకుంటున్నా. ఇంకేం చెయ్యాలో నువ్వే చెప్పు, అదీ చేస్తా." అంతటి సిర్కా బతిమాలుతోంది. నేను వినలేకపోయాను.

యోన్నా ఏడ్చేసింది. "నా వల్ల కాదమ్మా. వాళ్ళని ఇక్కడ వదిలి నేను ఒక్క గంట కూడా పని చెయ్యలేను. ఉద్యోగం పోతే పోనీ, సెలవు అడుగుతా. నిన్ను ఇలా వదిలెయ్యను, రోజు విడిచి రోజు వాళ్ళని తీసుకుని నేనే వస్తాను. కానీ వాళ్ళని నీ ఒక్కదాని దగ్గర వదలలేను."

సిర్కా కుర్చీ లాక్కుని కూర్చుంది. కిటికీలోంచి పిల్లల గొంతులు వస్తున్నాయి. ఆమె పెదాలు కదిలాయి, లెక్కపెట్టుకుంటోంది.

"నీ స్థానంలో ఉంటే నేనూ వదలను," అంది చివరికి.

నేను ఆ కాగితం వైపు చెయ్యి చాపాను. "ఇక ఇదెందుకు, తీసేద్దాం."

"తియ్యకు," అని కసిరింది సిర్కా. "నీకు చెరిపెయ్యడం తప్ప ఇంకేం రాదా?" అంటే ఆ చేప సంగతి ఆమెకి తెలుసు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. "కాగితం తీస్తావు సరే, వేసవిలో పిల్లలు నా దగ్గరుంటారని ఇక్కడ ఉంది," అని నుదురు తట్టుకుంది. "ఇది తియ్యగలవా?"

కూతురి వైపు తిరిగింది. "యోన్నా, నువ్వే రాయి. అడుగున, పెద్ద అక్షరాలతో. పిల్లలు ఈ వేసవి ఇక్కడ లేరు, వాళ్ళమ్మ దగ్గరున్నారు, క్షేమంగా ఉన్నారు అని రాయి. లేకపోతే ఏదో ఒక రోజు ఇది చదివి, లెక్కపెడదామని చూస్తే ఇద్దరూ కనబడక, నీళ్ళలో దిగి వెతుకుతాను."

యోన్నా నా జేబులో పెన్సిల్ తీసుకుంది. తలుపు కదలకుండా నేను పట్టుకున్నాను. రాసింది. సిర్కా లేచి వచ్చి, కళ్ళద్దాలు పెట్టుకుని, వేలు పెట్టి ఒక్కో మాటా చదివింది.

"ఇద్దరూనా?" అంది.

"ఇద్దరూ అమ్మా."

"అయితే అదీ రాయి."

యోన్నా 'ఇద్దరూ' అన్న మాట చేర్చింది.